శాంపిల్ తెచ్చారా అమ్మా?

సెలవుల్లో పిల్లలతో కలిసి చేసిన పని ఏదైనా ఉంటే ఈ పేజీకి రాసి పంపమని మా పెద్దమ్మాయి క్లాస్ టీచరుగారు గ్రూపులో మెసేజ్ పెట్టారు. కొందరు ఊటీ వెళ్లారట, కొందరు తిరుపతి, ఒకరు సింగపూర్. మేం మటుకు విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. సెలవులూ, ఆ తరవాత రెండో శనివారాలూ కలిపి లెక్కపెడితే పదకొండు సార్లు.

మా నాన్నగారికి ఒక పాత ఫియట్ కారు ఉంది. ఆర్సీ పుస్తకంలో దాని పేరు ప్రీమియర్ ప్రెసిడెంట్, మొదటి రిజిస్ట్రేషన్ 1973. ఇటలీ ఫియట్ వాళ్ల 1100 మోడలుని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారు చేసేది. మొదట ఫియట్ పేరుతోనే అమ్మారు, 1972 నుంచి ప్రెసిడెంట్ అన్నారు, 1974లో పద్మిని అన్నారు. కంపెనీ ఎన్ని పేర్లు పెట్టినా మన ఊళ్లలో అది ఫియట్టే. నాన్నగారు పశువైద్యుడిగా దివిసీమలో పనిచేసేటప్పుడు, 1981లో, దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన రోజులవి. ఈనలేక అవస్థ పడుతున్న గేదె ఉందని అర్ధరాత్రి కబురొస్తే కోడూరు వైపో, నాగాయలంక వైపో ఆ కారులోనే వెళ్లేవారు. 2012 నుంచి అది గుడివాడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉండిపోయింది.

ఆయనకిప్పుడు 80 ఏళ్లు. రెండేళ్ల నుంచి చూపు బాగా తగ్గింది. ఇక కారు నడపలేనని ఆయనకీ తెలుసు. "ఒక్కసారి ముందు సీట్లో కూర్చుని అవనిగడ్డ వెళ్లి రావాలమ్మా" అన్నారు మొన్న సంక్రాంతికి. ఆయన నన్ను ఏదైనా అడగడం చాలా అరుదు.

మా తమ్ముడు వెంటనే ఒక ఉపాయం చెప్పాడు. ఆ పాత ఇంజను తీసేసి ఏదైనా ఈ కాలం కారు ఇంజను పెట్టించేద్దాం, నెలలో రోడ్డెక్కుతుంది అని. అలా మార్పించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఇంజను నంబరు ఆర్సీలో రాసి ఉంటుంది, మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. అదొక సంగతి. అసలు సంగతి నాన్నగారు చెప్పారు: "నాకు కనిపించేది ఎటూ తక్కువేరా. ఆ ఇంజను చప్పుడు కూడా లేకపోతే అది నా కారని నాకెలా తెలుస్తుంది?" తమ్ముడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పాత కార్లున్న ఇళ్లు మనలో కొన్ని ఉండొచ్చు కాబట్టి ఇంకో విషయం చెప్పాలి. 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలని వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే వీలు 2021లో కేంద్రం కల్పించింది. నంబరు ప్లేటు మీద రాష్ట్ర అక్షరాల తరవాత 'వి.ఎ.' అని వస్తుంది. కొత్త నమోదుకి 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు. అయితే ఇంజను, ఛాసీ, బాడీ మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. పైగా ఆ కారుని ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతులకి తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ఇది చదివి వినిపించగానే నాన్నగారు "బొమ్మలా పెట్టుకోడానికా? వద్దు" అన్నారు. అందుకని ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, ఐదేళ్లకోసారి చేసే మామూలు రెన్యూవలుకే వెళ్దామనుకున్నాం. దేనికి వెళ్లినా ముందు ఆ ఇంజను తిరగాలి కదా. అది బిగుసుకుపోయి ఉంది.

గుడివాడ మేస్త్రీగారు ప్లగ్గులు ఊడదీసి, నాలుగు సిలిండర్లలోనూ డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి నాలుగు రోజులు వదిలేశారు. తరవాత క్రాంకు పుల్లీ నట్టుకి పానా వేసి మెల్లగా అటూ ఇటూ కదిపారు. కదిలింది. హెడ్డు విప్పి, పిస్టన్లు బయటికి తీశాక ఒక కాయితం మీద జాబితా రాసిచ్చారు: హెడ్ గ్యాస్కెట్టు, రింగుల సెట్టు, వాటర్ పంపు సీలు, షాఫ్టు, డైనమో బేరింగులు, ఆయిల్ సీళ్లు, ఫ్యాన్ బెల్టు, పాయింట్లు, కండెన్సరు, పెట్రోలు పంపు డయాఫ్రం, కార్బురేటరు కిట్టు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. పాతిక రోజులు ఫోను చూస్తూ కూర్చుంటుందేమోనని నాకు బెంగ. "నాతో వస్తావా?" అంటే "ఏసీ ఉంటుందా?" అంది. ఉండదన్నాను. ఎందుకో మరి, వచ్చింది.

మొదటి కొట్లో కౌంటరు దగ్గర కుర్రాడు ఫియట్ అనగానే "ఏ ఫియట్టు మేడం? పుంటోనా, లీనియానా?" అన్నాడు. పద్మిని లాంటిదని చెబితే ఫోనులో ఫోటో వెతికి చూసి నవ్వాడు. రెండో కొట్లో "అవి పదేళ్ల నుంచి రావట్లేదమ్మా". మూడో కొట్లో అసలు తల ఎత్తలేదు.

రాకపోవడానికి కారణం ఉంది. పద్మిని తయారీ 2000 సంవత్సరం ప్రాంతంలోనే ఆగిపోయింది. అయినా ఆ తరవాత చాలా ఏళ్లు స్పేర్లు దొరికాయంటే అది ముంబై టాక్సీల పుణ్యం. అక్కడి నలుపు పసుపు టాక్సీల్లో ఎక్కువ భాగం పద్మినిలే. వేల టాక్సీలు రోజంతా తిరుగుతుంటే గ్యాస్కెట్లు, రింగులు, పాయింట్లు చేసేవాళ్లకి గిరాకీ ఉంటుంది. ముంబైలో టాక్సీకి 20 ఏళ్ల హద్దు పెట్టారు. చివరిగా నమోదైన పద్మిని టాక్సీకి ఆ గడువు 2023 అక్టోబరులో ముగిసింది. తినేవాళ్లు లేనప్పుడు వండేవాళ్లు మటుకు ఎందుకుంటారు? 2014లో తయారీ ఆగిన అంబాసిడర్ది కూడా ఇదే దారి. కాకపోతే అవి ఇంకా మన వైపు అక్కడక్కడా తిరుగుతున్నాయి కాబట్టి ఆటోనగర్లో వాటి సామాను ఇప్పటికీ కాస్త సులువుగానే దొరుకుతోంది.

నాలుగో కొట్టు ఒక పెద్దాయనది. బేరింగులు, ఆయిల్ సీళ్లు మాత్రమే అమ్ముతారు. నేను కారు పేరు చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి "కారు పేరు నాకెందుకు తల్లీ, శాంపిల్ తెచ్చారా?" అన్నారు.

ఆ ఒక్క ప్రశ్నతో మా వేట మారిపోయింది.

పాత బేరింగు సంచిలోనే ఉంది. ఆయన దాన్ని పెట్రోలు గుడ్డతో తుడిచి, అంచు మీద చెక్కిన అంకెలు మా అమ్మాయికి చూపించారు. బేరింగుకి కారుతో పనిలేదు, నంబరుతోనే పని. ఉదాహరణకి 6203 అంటే ప్రపంచంలో ఏ కంపెనీ చేసినా లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, బయటిది 40, వెడల్పు 12. చివరి రెండంకెల్ని ఐదుతో హెచ్చిస్తే లోపలి వ్యాసం వస్తుందని ఆయన చెప్పారు. 04 అయితే 20, 05 అయితే 25. మా అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి "మరి 03కి 15 రావాలి కదండీ, 17 ఎలా వచ్చింది?" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. "నలభై ఏళ్లలో ఈ మాట అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో పాపా" అని, 00, 01, 02, 03 మాత్రం లెక్కకి లొంగవనీ, అవి వరసగా 10, 12, 15, 17 అనీ చెప్పారు. ఆ పిల్ల ఇంట్లో చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రాని రకం. అలాంటిది కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడి, ఇంకేం అడగాలా అని చూస్తోంది.

ఆయిల్ సీలుకి మూడు అంకెలు: షాఫ్టు వ్యాసం, సీలు కూర్చునే గూడు వ్యాసం, మందం. పాత సీలు మీద అంకెలు అరిగిపోతే కొలవాలి. ఇక్కడ ఆయన చెప్పిన కిటుకు ఒకటి రాసుకోదగ్గది. సీలు లోపలి పెదవిని కొలిస్తే లెక్క తప్పుతుంది, అది షాఫ్టుని పట్టుకోవాలి కాబట్టి ఎప్పుడూ కాస్త చిన్నగానే ఉంటుంది. కొలవాల్సింది షాఫ్టుని. అదీ సీలు రాసుకుని గాడి పడ్డచోట కాదు, పక్కన అరగని చోట. మర్నాడే ఒక వెర్నియరు కాలిపర్సు కొన్నాను. ఫౌండేషన్ పుస్తకంలో లీస్ట్ కౌంట్ లెక్కలు చేసిన పిల్లే, కానీ ఆ సాధనం చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి. మేస్త్రీగారి జాబితాలో ప్రతి వస్తువు పక్కనా కొలతలు వేసింది. తరవాతి వారం నుంచి మేం ఏ కొట్లోనూ ఫియట్ అనే మాట ఎత్తలేదు. ఇన్ని మిల్లీమీటర్లు, ఇన్ని మిల్లీమీటర్లు, ఇంత మందం అని అడిగాం. ఫియట్‌కి లేదన్న కొట్లోనే ఆ సైజు సీలు మూడు నిమిషాల్లో వచ్చింది. దాని పెట్టె మీద ఏదో ట్రాక్టరు పేరుంది.

మీ ఇంట్లో కారు లేకపోయినా ఇది పనికొస్తుంది. పంపుసెట్టుకైనా, గ్రైండరుకైనా, పాత స్కూటరుకైనా చాలా భాగాలు ఆ బండి కోసం పుట్టినవి కావు. ఇంకో చిన్న సంగతి, అంబాసిడర్ ఇంచీల బండి, ఫియట్ మిల్లీమీటర్ల బండి. అర అంగుళం పానా అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు నట్టుకి దాన్ని బలవంతాన ఎక్కిస్తే పానా పగుళ్లిస్తుంది లేదా నట్టు మూలలు పోతాయి. అందుకే పాత మేస్త్రీల దగ్గర రెండు రకాల సెట్లు ఉంటాయి.

రబ్బరు దగ్గర మటుకు నాది గట్టి అభిప్రాయం. పాత కార్లవాళ్లు 'ఓల్డ్ స్టాక్' అంటే ప్రాణం పెడతారు, పాతికేళ్ల కిందటి కంపెనీ పెట్టె సీలు విప్పకుండా దొరికిందంటే పండగ. తుప్పు పట్టని ఇనుప వస్తువైతే సరే. రబ్బరు పెట్టెలో ఉన్నా ముసలిదవుతుంది. ఒక కొట్లో చూపించిన డయాఫ్రం మడిస్తే చీలింది. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాలు ఉంటోంది. ఆ కాలం రబ్బరు గొట్టాలు, డయాఫ్రాలు దానికోసం చేసినవి కావు, ఉబ్బుతాయి, మెత్తబడతాయి, కారతాయి. పెట్రోలు కారే చోట పక్కనే వేడి ఇంజను ఉంటుంది. కాబట్టి పెట్రోలు తగిలే ప్రతి గొట్టం, డయాఫ్రం, వాషరు ఇథనాలుని తట్టుకునే కొత్త రబ్బరుతో వేయించాం. దీంట్లో మూడొందలు మిగుల్చుకోవడం తెలివి కాదు.

డూప్లికేట్ల బాధ కూడా తగలకపోలేదు. ఒక కొట్లో ఒరిజినల్ అని నమ్మబలికి ఇచ్చిన కండెన్సరు, ఇంజను వేడెక్కిన పది నిమిషాలకే చేతులెత్తేసింది. పెట్టె అచ్చం కంపెనీదే. పేరులో ఒక్క అక్షరం తేడా అని మా అమ్మాయే ఇంటికొచ్చాక పట్టుకుంది. తిరిగి తీసుకెళ్తే కొట్టువాళ్లు అసలు మమ్మల్ని చూడనట్టే మాట్లాడారు.

అన్నిటికంటే ఏడిపించింది రింగుల సెట్టు. పిస్టన్లు శుభ్రం చేస్తుంటే నెత్తిన '.60' అని చెక్కి ఉంది. ఆ ఇంజను అసలు బోరు 68 మిల్లీమీటర్లు. అరిగిన కొద్దీ బోరుని కాస్త పెద్దది చేసి, దానికి తగ్గ ఓవర్ సైజు పిస్టను వేస్తారు. నాన్నగారు 1994లో ఒకసారి రీబోరు చేయించారట. అంటే ఇప్పుడు బోరు 68.60. ఆటోనగర్లో స్టాండర్డు రింగులు రెండు చోట్ల దొరికాయి, 0.40వి ఒక చోట దొరికాయి. మాకు కావలసినవి లేవు. ఒక పరిచయస్తుడి ద్వారా సికిందరాబాదు రాణిగంజ్‌లో వాకబు చేయించాం, చెన్నై పుదుపేటలో అడిగించాం. లేవు. బోరింగు షాపువాళ్లు, కొత్త పిస్టన్లు దొరికితే ఇంకో సైజు పెంచొచ్చు, లేదా స్లీవులు వేసి మళ్లీ స్టాండర్డుకి తేవొచ్చు అన్నారు. ఖర్చు సరే, యాభై ఏళ్ల బ్లాకుకి మళ్లీ కోత పడుతుందని మేస్త్రీగారు ఒప్పుకోలేదు.

ఒక ఆదివారం మా అమ్మాయి ఆ పిస్టను తాతయ్య చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో దాని నెత్తి తడిమి, రింగు గాడుల్లో గోరు పెట్టి చూసి, "ఇవి నేను మన ఊళ్లోనే కొన్నాను కదే. బస్టాండు వెనక సందులో" అన్నారు. మేం రాష్ట్రాలు దాటి వెతుకుతున్నది ఇంటికి రెండు వీధుల దూరంలో! ఆ కొట్లో ఇప్పుడు హెల్మెట్లు, బైకు ఆయిళ్లు అమ్ముతున్నారు. నాన్నగారికి తెలిసినాయన లేరు, కొడుకు ఉన్నాడు. నాన్నగారిని చూడగానే "డాక్టరుగారా! రండి రండి" అని కుర్చీ వేశాడు. అటక మీద పాత సామాను ఏమేం ఉందో తనకీ తెలియదన్నాడు. కుర్రాడిని నిచ్చెన ఎక్కించారు. గంటసేపు దుమ్ము, తుమ్ములు. ఏడెనిమిది అట్టపెట్టెల కింద నాలుగు సిలిండర్లకి సరిపడా సెట్టు, నూనె కాయితంలో చుట్టి, 0.60 అని ముద్ర ఉన్నది.

తరవాత ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదనిపించింది. పెద్ద బజార్లలో సరుకు నిలవదు, అద్దెలు అలాంటివి. అమ్ముడుపోనిదాన్ని తూకానికి వేసేస్తారు. సొంత కొట్టు, సొంత అటక ఉన్న చిన్న ఊళ్లలోనే పాతవి మిగిలిపోతాయి. తెనాలి, ఏలూరు, భీమవరం లాంటి ఊళ్లలో పాత ఆటోమొబైల్ కొట్లున్నవాళ్లకి నాదొక మనవి: ఆ పెట్టెలు తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి.

కొత్త రింగులైనా అలాగే తొడిగేయకూడదు. బోరింగు షాపులో డయల్ గేజి పెట్టి కొలిస్తే పైన 68.67, కింద 68.61 వచ్చింది. పైనే ఎందుకు ఎక్కువ అరిగింది అని అమ్మాయి అడిగింది. మంట పుట్టేది, ఒత్తిడి ఎక్కువుండేది, ఆయిలు తక్కువగా అందేది పైభాగంలోనే అన్నాడు షాపాయన. హోనింగు చేసి రింగులు వేస్తే మీరు తిప్పే తిప్పుడికి చాలన్నాడు. ఒక్కో రింగునీ బోరులో పెట్టి, పిస్టనుతో సమంగా లోపలికి నెట్టి, రెండు కొసల మధ్య సందుని ఫిల్లర్ గేజి ఆకులతో చూడాలి. సందు లేకపోతే వేడికి వ్యాకోచించి కొసలు ఒరుసుకుని రింగు విరుగుతుంది. పావు మిల్లీమీటరు ఆకు దూరేలా చూశారు. రెండు రింగుల కొసల్ని సన్న ఆకురాయితో రాయాల్సి వచ్చింది. ఆ పని నాన్నగారు చేశారు. ఆకు దూరిందో లేదో చూడ్డానికి కళ్లక్కర్లేదట, వేలికి తెలుస్తుందట.

వాటర్ పంపు షాఫ్టు ఎక్కడా దొరకలేదు. ఆటోనగర్లో లేత్ మిషను దగ్గర పాతది చూపించి కొత్తది చేయించాం. పూర్తవడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. వాల్వు కవరు గ్యాస్కెట్టు కార్కు షీటులోంచి కత్తిరించి ఇచ్చేవాళ్లున్నారు. హెడ్ గ్యాస్కెట్టు మటుకు కత్తిరించే రకం కాదు, దానికి సిలిండరు చుట్టూ లోహపు అంచు ఉండాలి. ఒక పాత గ్యాస్కెట్ల కొట్లో అదృష్టవశాత్తూ రెండు ఉంటే రెండూ కొనేశాను.

జూలై రెండో శనివారం ఇంజను అందుకుంది. దగ్గింది, ఆగింది, మళ్లీ అందుకుంది. మేస్త్రీగారు కార్బురేటరు స్క్రూ తిప్పుతుంటే నాన్నగారు షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కళ్లు మూసుకుని విన్నారు. మేమంతా చప్పట్లు కొడుతుంటే "ఆగండి, మూడో సిలిండరు కొట్టట్లేదు" అన్నారు. మేస్త్రీగారు ఒక్కో ప్లగ్గు వైరూ తీసి చూశారు. మూడోది తీసినప్పుడు మాత్రం చప్పుడులో తేడా రాలేదు. ప్లగ్గు మార్చారు. అప్పుడాయన తల ఊపారు.

బ్రేకులు, టైర్లు, ఫిట్‌నెస్ ఇంకా మిగిలే ఉన్నాయి. దసరా లోపు అవనిగడ్డ అనుకుంటున్నాం. ఇంజనులో మిగిలింది ఒకే ఒక్క వస్తువు: హెడ్డు మీద నుంచి రేడియేటరు పైగొట్టానికి కలిసే అల్యూమినియం ఎల్బో. లోపల పుండ్లు పడి రెండు చోట్ల చిల్లు పడింది. ప్రస్తుతానికి అతుకు వేసి నడుపుతున్నాం, కానీ అంత దూరం ఆ అతుకుని నమ్మలేం. మీ ఇంట్లోనో, మీ ఊళ్లో తెలిసినవాళ్ల షెడ్డులోనో పాత ఫియట్, ప్రెసిడెంట్, పద్మిని ఇంజను మూలన పడి ఉంటే దయచేసి స్కూలు ఆఫీసులో చెప్పండి, వాళ్లు నాకు ఫోను చేస్తారు. శాంపిల్ మా దగ్గరే ఉంది, కొలతలు మా అమ్మాయి నోటుబుక్కులో ఉన్నాయి.